సైరన్ వినగానే కట్ట ఎక్కండి

గద్వాల,
మార్చి 4.

ఫిర్దోస్ పిల్లకు,

నేను బాగున్నాను. నువ్వు బాగున్నావని రాయను, ఎందుకంటే నువ్వు ఎంత బాగున్నా గొణగడం మానవు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్ చేస్తే ముందు మీ అత్తగారు అందుకుంటుంది. నా క్షేమం అడిగి, నా పెళ్లి ఎప్పుడని అడిగి, గద్వాలలో ఉల్లిగడ్డ ధర అడిగి, నీ చేతికి ఫోన్ ఇచ్చేసరికి నా బస్సు వచ్చేస్తుంది. వనపర్తి హాస్టల్‌లో ఉన్నప్పుడు పది రోజుల సెలవులకు ఇంటికి పోయినా ఉత్తరాలు రాసుకున్నవాళ్లం మనం. ఆ అలవాటు నాకు పోలేదు.

అసలు పనికి వస్తాను. నేను పనిచేసే ప్రెస్సులో మా అరవింద్ సార్ ‘చూసొద్దాం’ అని చిన్న పుస్తకాల వరుస మొదలుపెట్టాడు. ఒక్కో ఊరికి ఒక్కో పుస్తకం. ఊరి చరిత్ర, చూడదగ్గ చోట్లు, తినదగ్గ తిండి, బస్సు వేళలు. గద్వాల కోట అయిపోయింది, శ్రీరంగాపూర్ గుడి అయిపోయింది. ఇప్పుడు మీ బండచెరువు వంతు వచ్చింది. చెరువు పక్కనే గని ఉన్న ఊరు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదంటాడు సార్.

పెబ్బేరు సంతకు పోతూ మీ ఊరిని బస్సు కిటికీలోంచి రెండుమూడుసార్లు చూశాను. దుమ్ము తప్ప నాకేమీ కనపడలేదు. నిజం చెప్పు, మీ ఊర్లో చూడదగ్గది ఏముంది? నువ్వు కాకుండా.

నీ
సౌందర్య

బండచెరువు,
మార్చి 15.

సౌందర్యకు ఫిర్దోస్ సలాం.

మా ఊరిని దుమ్ము అన్నావు కదా, ఆ దుమ్ముతోనే మీ గద్వాల రోడ్లన్నీ పోశారు. గుర్తుపెట్టుకో.

ఊరు ఎలా ఉంటుందో చెప్తాను, రాసుకో. ఊరికి పడమట పెద్ద కట్ట. కట్ట ఎక్కి కుడివైపు చూస్తే చెరువు, అవతలి గట్టు కనిపించనంత. ఎడమవైపు చూస్తే గని. కంకర కోసం రాయి తవ్వి తవ్వి ఎంత లోతు చేశారంటే, కింద లారీలు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. అంటే ఒకే కట్ట, ఒక పక్క నీళ్లు, ఒక పక్క గుంత. మొదటిసారి చూసినవాళ్లు పక్కవాళ్ల చేయి పట్టుకుంటారు.

కట్ట మీద మా అత్తగారి మిర్చి బజ్జీల బండి ఉంటుంది. మెహబూబీ మిర్చి అంటే పెబ్బేరు దాకా తెలుసు. గనిలో తవ్వే యంత్రం నడిపే ఈరన్న ఆమెకు ఖాయం గిరాకీ. రాయచూరు వైపు మనిషి. “బిసి బిసి కొడవ్వా” అంటూ వచ్చి నిలబడతాడు. ఈమె “వేడిగనే ఉన్నయ్, నోరు కాలితె నన్ను అనకు” అంటుంది.

ఇంకోటి ఉంది. నీకు నచ్చుతుంది. రోజూ సాయంత్రం గనిలో రాయి పగలడానికి తూటలు పేలుస్తారు. దానికి ముందు సైరన్ మోగుతుంది, కిందున్న మనుషులు పైకి వచ్చేయాలని, చుట్టుపక్కల ఎవరూ ఉండొద్దని. ఆ సైరన్ మోగించేది మా ఆయన దానిషే. పేలినప్పుడు చెరువు వణుకుతుంది. నీళ్ల మీద సన్నగా ముడతలు పడి కట్ట నుంచి నడిమి దాకా పోతాయి, కొంగలన్నీ ఒక్కసారి లేస్తాయి. పొద్దు గుంకే వేళ చూడాలి. సైరన్ మోగితే చాలు, “వణుకు అయితుంది, రాండ్రి” అని జనం కట్ట మీదికి ఉరుకుతారు. మా పెళ్లయి వచ్చిన కొత్తలో నేనూ ఉరికేదాన్ని.

ఇది రాస్తే ఎవరైనా వస్తారంటావా?

ఫిర్దోస్

గద్వాల,
ఏప్రిల్ 9.

ఫిర్దోస్,

వస్తారా అని అడుగుతున్నావా? నేనే వచ్చి చూసిపోయి వారం కాలేదు, మళ్లీ రావాలనిపిస్తోంది.

ఆ సాయంత్రం నా జన్మలో మరచిపోను. సైరన్ మొదలవగానే మీ అత్తగారు బాణలి కింద మంట పెంచింది చూడు, అప్పుడే నాకు మీ ఊరు అర్థమైంది. పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని మగవాళ్లు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆడవాళ్లు, బడి సంచులతో పిల్లలు, అందరూ కట్ట మీదే. కాళ్ల కింద నేల ఒక్కసారి దిగ్గుమంది. నేను నీ చేయి గట్టిగా పట్టుకున్నాను, నువ్వేమో నవ్వావు. తర్వాత చెరువు మీద ఆ ముడతలు. నాకు ఒళ్లు జలదరించింది. భయమా సంతోషమా అంటే చెప్పలేను.

రాత్రికి రాత్రే రాసేశాను. సార్‌కి బాగా నచ్చిన ముక్క ఇది, నీకోసం ఎత్తి రాస్తున్నాను:

“బండచెరువులో గడియారంతో పనిలేదు. సైరన్ వినగానే కట్ట ఎక్కండి. చేతిలో మెహబూబీ మిర్చి ఉండాలి, కళ్లు నీళ్ల మీద ఉండాలి. ఒక చెరువు వణకడం మీరెక్కడా చూసి ఉండరు.”

ఎలా ఉంది? మీ అత్తగారి పేరు అచ్చులో వస్తుందని చెప్పు. దానిష్ అన్నకు కూడా చెప్పు, ఆయన చేతిలో స్విచ్చు ఉంది కాబట్టి అసలు హీరో ఆయనే. ఆయన ఆరోజు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కోపమా?

సౌందర్య

బండచెరువు,
మే 6.

సౌందర్యా,

కోపం కాదు. ఆయన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. ఈమధ్య ఇంకా తగ్గించాడు.

నీ ముక్క అత్తగారికి చదివి వినిపించాను. ‘మెహబూబీ మిర్చి’ దగ్గర ఆపి మళ్లీ చదవమంది. వచ్చినవాళ్లందరికీ చెప్తోంది.

నీ పుస్తకానికి ఇంకో విశేషం దొరికింది. గని గోడకు మధ్యలో ఒకచోట నుంచి నీళ్లు దూకుతున్నాయి. ముందు చెమ్మలా ఉండేది, తర్వాత ధార కట్టింది, ఇప్పుడు చిన్న జలపాతమే. మండే ఎండాకాలంలో రాతి గోడ నుంచి చల్లటి నీళ్లు. నాగర్‌కర్నూల్ నుంచి కూడా బండ్లు వేసుకుని వస్తున్నారు ఫోటోల కోసం. కొత్తగా పెళ్లైన జంటలు ఎక్కువ. మా అత్తగారు రెండో బాణలి పెట్టింది.

దానిష్ మాత్రం దాన్ని చూడనంటాడు. నిన్న అన్నం దగ్గర, “చెర్వు నీళ్లు తగ్గుతున్నయ్. ఎండకు గిన్ని నీళ్లు తగ్గవు” అన్నాడు. ఇంట్లో మేం ఉర్దూలోనే మాట్లాడుకుంటాం, నీకోసం తెలుగు చేశాను. “మరి ఎటు పోతున్నయ్?” అన్నాను. అన్నం సగంలోనే వదిలి చేయి కడుక్కున్నాడు.

నువ్వు జలపాతం గురించి తప్పకుండా రాయి.

ఫిర్దోస్

గద్వాల,
జూన్ 12.

ఫిర్దోస్,

పుస్తకం వచ్చేసింది! నీకు ఐదు ప్రతులు పార్సిల్ చేశాను. అట్ట మీద మీ జలపాతం, లోపల మొదటి పేజీలో మెహబూబీ గారు బాణలి ముందు నిలబడి ఉన్న ఫోటో. అచ్చు ఖర్చంతా గని కంపెనీ సేటే పెట్టుకున్నాడు. ఊరికి పేరొస్తే తనకూ మంచిదేనట. ‘సైరన్ వినగానే కట్ట ఎక్కండి’ అన్న మాటను పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి బస్టాండులో పెట్టిస్తున్నాడట కదా! నా మాట బోర్డెక్కడం ఇదే మొదటిసారి. చెప్పుకోకూడదు గానీ, చాలా సంతోషంగా ఉంది.

వానలు పడ్డాక మళ్లీ వస్తాను. చెరువు నిండితే వణుకు ఇంకా బాగుంటుంది కదా?

సౌందర్య

బండచెరువు,
జులై 28.

సౌందర్యా,

ఈ ఉత్తరం జాగ్రత్తగా చదువు. నవ్వుతూ రాయడం లేదు.

వానలు పడ్డాయి, చెరువు నిండింది. జనం విపరీతంగా వస్తున్నారు. ఆదివారం సెలవు కాబట్టి ఎక్కువమంది వస్తారని, కంపెనీ ఇప్పుడు ఆదివారం కూడా తూటలు పేలుస్తోంది. నిజంగా రాయి కోసమా, జనం కోసమా నాకు తెలియదు. కట్ట మీద అడుగు పెట్టే సందు ఉండదు. కార్లు ఊరి చివర రోడ్డు మీద వరుసగా ఆగి ఉంటాయి, సైరన్ మోగేదాకా లోపలే కూర్చుంటారు, మోగగానే తలుపులు తీసుకుని పరుగు.

జలపాతం నీళ్లు రంగు మారాయి. మొన్నటిదాకా తేటగా ఉండేవి, ఇప్పుడు ఎర్రగా వస్తున్నాయి. ఫోటోల్లో ఇంకా బాగా పడుతున్నాయని జనం సంబరపడుతున్నారు. దానిష్ గని సూపర్‌వైజర్ రవి దగ్గరికి పోయి చెప్పాడు. “లోపల్నుంచి మట్టి కొట్టుకొస్తుంది సార్. అది కట్ట మట్టి” అన్నాడు. “నీ పని సైరన్ కొట్టుడు. కట్ట సంగతి మాకు తెల్వదా?” అన్నాడట రవి.

ఆయన ఇప్పుడు సరిగ్గా తినడం లేదు. నిన్న నాతో ఒక మాట అన్నాడు. “నేను సైరన్ కొడితె జనం దూరం పోవాలె. గిప్పుడు నేను కొడితెనే దగ్గరికొస్తున్నరు. రేపు నిజంగ ఏమన్న అయితె వాళ్లను ఎట్ల ఎల్లగొట్టాలె, ఫిర్దోస్? నా దగ్గర ఇంకో సైరన్ లేదు.”

సౌందర్యా, మా అత్తగారు రోజూ ఆ కట్ట మీదే ఉంటుంది. బండి కిందికి తెచ్చుకోమంటే, “నా పేరు బుక్కుల ఉన్నది, గిరాకీ నన్ను ఏడ దేవులాడాలె?” అంటోంది.

ఆ వాక్యం తీసెయ్యవే. బోర్డు కూడా తీయించమని మీ సార్‌తో చెప్పించు. నేను నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

ఫిర్దోస్

గద్వాల,
ఆగస్టు 19.

ఫిర్దోస్,

ఆలస్యమైంది, ఏమనుకోకు. సార్‌తో మాట్లాడాను. అచ్చయిన పుస్తకంలో వాక్యం ఎలా తీస్తామన్నాడు, న్యాయమే కదా. మళ్లీ అచ్చు వేసినప్పుడు చూద్దామన్నాడు. బోర్డు సేటుది, మనం చెప్తే తీయడు.

దానిష్ అన్న మంచివాడు, అందుకే ఎక్కువ పరేషాన్ అవుతున్నాడు. కంపెనీలో ఇంజనీర్లు ఉంటారు కదా, వాళ్లు చూసుకోరా? ఊర్లో అన్నేళ్లుగా వణుకు చూస్తూనే ఉన్నారు, ఏమీ కాలేదని నేను వచ్చినప్పుడు నువ్వే అన్నావు. ఒక్క వాక్యమే కదే, దానికే జనం వస్తారా, పోతారా?

ఇది రాసి రెండుసార్లు చింపాను, మూడోసారి ఇలాగే పంపుతున్నాను. నాకూ మనసు బాగాలేదు. వచ్చే నెల వచ్చి మీ అత్తగారిని నేనే కిందికి దింపుతాను, నా మాట వింటుంది.

సౌందర్య

బండచెరువు,
సెప్టెంబర్ 30.

సౌందర్యా,

నువ్వు ఇంటికి వచ్చిన రోజు నేను నీతో మాట్లాడలేదు. నిన్ను చూడగానే లోపలి గదిలోకి పోయాను. ఇప్పుడు రాస్తాను, ఒక్కసారే రాస్తాను.

ఆరోజు ఆదివారం. రెండు రోజుల ముసురు తర్వాత ఎండ కాసింది. ఊరి చివర కార్లు బారులు తీరాయి. గని అడుగున నీళ్లు నిలిచాయని మోటార్లు పైకి తీయడానికి మనుషులు కిందికి దిగారు. ఈరన్న యంత్రంతో అందరికంటే దూరాన ఉన్నాడు. అత్తగారు పిండి కలిపి బండి తోయడానికి సిద్ధంగా ఉంది.

దానిష్ ఫోన్ చేశాడు. ఆ మాటల్లో ఒక్కటీ నేను మరచిపోలేదు. “జలపాతం కాడ గోడ పగులుతుంది. నేను సైరన్ కొడ్తలేను. కొడితె ఊరంత కట్టెక్కుతది. కింద గుంతల ఫోన్ అందదు, నేనే దిగి పిలుసుకొస్త. అమ్మీని పోనీయకు, ఫిర్దోస్. కాళ్లు పట్టుకోనన్న ఆపు.”

నేను నిజంగానే కాళ్లు పట్టుకున్నాను. బండి చక్రానికి ఒక చేయి, ఆమె కాళ్లకు ఒక చేయి. ఆమె నన్ను తిట్టింది. “పిచ్చి లేసిందా, సైరన్ టైమ్ అయితుంది” అంది. చుట్టూ నలుగురూ నవ్వారు. కార్లలోవాళ్లు అద్దాలు దించుకుని ఇంకా మోగలేదేమని చూస్తున్నారు. కట్ట మీద ఒక్క మనిషి లేడు. అందరూ సైరన్ కోసమే ఆగి ఉన్నారు.

తర్వాత ఆ చప్పుడు. కట్ట నడుముకు విరిగింది. నీళ్లు ఊరి వైపు రాలేదు, గని వైపే పోయాయి, అంత చెరువూ.

మిగతాది ఈరన్న చెప్పాడు. దానిష్ దారంట అరుచుకుంటూ కిందికి ఉరికి అందరినీ పైకి తోలాడట. ఈరన్నకు యంత్రం చప్పుడులో అరుపులు వినిపించలేదు. దానిష్ అక్కడిదాకా పోయి చొక్కా పట్టి కిందికి లాగాడట. “నన్ను ముందుకు నూకిండు తల్లీ, ఎనక నుంచి నూకుతనే ఉన్నడు. పైకొచ్చి తిరిగి చూస్తె లేడు” అని మా గడపలో కూర్చుని ఏడ్చాడు. సైరన్ మోగి ఉంటే తాను యంత్రం ఆపి మొదటి కూతకే పైకొచ్చేవాడినని కూడా అన్నాడు. ఆ సంగతి దానిష్‌కు తెలియదా? తెలుసు. ఒక పక్క గనిలో వాళ్లు, ఒక పక్క ఊరు, మధ్యలో ఒక్క స్విచ్చు.

నీళ్లు నిలకడ అయ్యాక దొరికాడు.

ఇప్పుడు కంపెనీ ఏమంటోందో తెలుసా? సైరన్ మోగించాల్సిన మనిషి మోగించకుండా డ్యూటీ వదిలిపోయాడని. పేపర్లో కూడా ‘సైరన్ ఆపరేటర్ నిర్లక్ష్యం’ అని పడింది. పోయినవాడు ఎలాగూ మాట్లాడడు. మా అత్తగారు ఆ పేపరు ఎవరితో చదివించుకుందో, అప్పటి నుంచి నోరు తెరవలేదు.

వనపర్తిలో విచారణ జరుగుతోంది. ఆయన ఎందుకు మోగించలేదో అక్కడ ఒక్కరూ చెప్పడం లేదు. నీకు తెలుసు.

ఫిర్దోస్

గద్వాల,
అక్టోబర్ 17.

ఫిర్దోస్,

వనపర్తి పోయి వచ్చాను.

విచారణ అధికారి ముందు పుస్తకం పెట్టాను. ఆ పేజీ తీసి నా నోటితోనే చదివాను. పైకి చదవడం అదే మొదటిసారి. మధ్యలో నీళ్లు అడిగి తాగి మళ్లీ చదివాను. “ఇది రాసింది ఎవరు?” అన్నాడు. “నేనే” అన్నాను. “తీసేయమని నన్ను అడిగారు. నేను తీయలేదు” అని కూడా చెప్పాను. నీ జులై ఉత్తరం చూపించాను. దానిష్ అన్న నీతో చెప్పిన మాటలు, ‘నా దగ్గర ఇంకో సైరన్ లేదు’ అన్నది, ఆ అధికారి రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత కంపెనీ మనుషుల్ని బయటికి పొమ్మని ఈరన్నను పిలిపించాడు.

ప్రెస్సు మానేశాను. ఇది గొప్పగా చెప్పడం లేదు.

‘ఒక్క వాక్యమే కదే’ అని నీకు రాశాను చూడు, ఆ ఉత్తరం కాల్చెయ్యి. లేదా దాచిపెట్టు, నీ ఇష్టం. నువ్వు నన్ను క్షమించమని అడగను. ఒకవేళ నువ్వు మళ్లీ రాయకపోతే అర్థం చేసుకుంటాను. కానీ రాయవే.

సౌందర్య

బండచెరువు,
డిసెంబర్ 22.

సౌందర్యకు ఫిర్దోస్ సలాం.

రాస్తున్నాను. నీ మీద కోపం పోయిందని అబద్ధం చెప్పను. కోపం ఉన్నా రాయగలిగేది నీకొక్కదానికే.

విచారణ కాగితం వచ్చింది. దానిష్ తప్పు లేదని, ఆరోజు సైరన్ మోగించకపోవడం వల్లనే కట్ట మీద ప్రాణనష్టం జరగలేదని రాశారు. అత్తగారికి చదివి వినిపించాను. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడింది. “నా కొడుకు సమజ్‌దార్, తెలివిగలోడు” అంది. అంతే, మళ్లీ పడుకుంది.

ఇప్పుడు మా ఊరు ఎలా ఉందో చెప్తాను, నువ్వు మొదట అడిగావు కదా. చెరువు ఉన్నచోట తుమ్మ చెట్లు మొలుస్తున్నాయి. గని ఉన్నచోట నీళ్లు. చాలా లోతు, నీలంగా ఉంటాయి, అడుగు కనిపించదు. చూసినవాళ్లు ఎంత అందంగా ఉందో అంటారు. కంపెనీ దానికి ‘నీలి చెరువు’ అని పేరు పెట్టి పడవలు తెచ్చింది. అవతల పక్క కొత్త గని మొదలైంది. నీళ్లకూ దానికీ నడుమ మళ్లీ ఒక గోడే.

పోయిన గురువారం కొత్త సైరన్ తెచ్చి పరీక్ష చేశారు. పాతదానికంటే పెద్ద గొంతు. నేను బియ్యం ఏరుతున్నాను. మోగీ మోగగానే వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. జనం ఉరుకుతున్నారు, సౌందర్యా. మిగిలిన కట్ట ముక్క మీదికి, అందరూ, నవ్వుతూ. వద్దని అరవడానికి నేను లేచేసరికి అత్తగారు నాకంటే ముందు పోయింది. చెప్పులు కూడా లేవు. మూలన పడి ఉన్న మిర్చి బండిని తోసుకుంటూ పోయి కట్ట ఎక్కే దారికి అడ్డంగా నిలబెట్టింది.

“ఇటు కాదు! ఎనక్కి పోండ్రి! అది మోగితె ఎనక్కి పోవాలె!” అని రెండు చేతులూ చాపి అరిచింది. కొందరు ఆగారు. కొందరు మిర్చి ఉందా అని అడిగారు. ఆమె గొంతు పోయేదాకా అరిచింది. ఇప్పుడు రోజూ అదే పని. సైరన్ వేళకు బండి తోసుకుని పోతుంది, పొయ్యి వెలిగించదు. నేనూ పక్కన నిలబడతాను. ఊరివాళ్లు కొంచెం కొంచెం వింటున్నారు. పై ఊర్లవాళ్లు వినరు.

నిన్న ఒకతను పెళ్లాం పిల్లలతో వచ్చాడు. అత్తగారు చేతులు అడ్డం పెట్టింది. అతను విసుక్కోలేదు, మర్యాదగానే మాట్లాడాడు. చేతిలో పుస్తకం ఉంది. మీ పాత ప్రెస్సు మళ్లీ అచ్చు వేసింది. అట్ట మీద ఇప్పుడు నీలి చెరువు. వేలు పెట్టి ఆ వాక్యం చూపించి, “ఇందుల ఇట్లనే ఉంది కదమ్మా” అన్నాడు.

తర్వాత పిల్లను భుజం మీద ఎక్కించుకుని, బండి పక్కనుంచి దారి చేసుకుని కట్ట ఎక్కాడు.

ఫిర్దోస్